ఏటా ఆడే ఆట ఎందుకు ఆగిపోతుంది: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ మార్పులు, పాత పోరులు

అందరికీ నమస్కారం.

2011 నవంబర్ 24, థాంక్స్‌గివింగ్ రాత్రి. కాలేజ్ స్టేషన్‌లోని కైల్ ఫీల్డ్‌లో ఆఖరి క్షణంలో జస్టిన్ టక్కర్ 40 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. టెక్సస్ యూనివర్సిటీ 27-25తో టెక్సస్ ఏ అండ్ ఎం మీద గెలిచింది. 1894లో మొదలై, 1915 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పని పోరు అది. ఆ రెండు జట్లు మళ్ళీ ఎదురుపడింది 2024 నవంబర్ 30న. మధ్యలో పన్నెండు సీజన్లు ఖాళీగా పోయాయి.

ఈ పన్నెండు సీజన్లలో ఆస్టిన్‌కీ కాలేజ్ స్టేషన్‌కీ మధ్య దూరం పెరగలేదు, రెండు గంటల కారు ప్రయాణమే. స్టేడియాలు చిన్నవి కాలేదు, డబ్బుకు కొదవ లేదు, అభిమానులు తగ్గలేదు. మన తెలుగు కుటుంబాల పిల్లలే ఇంట్లో ఒకరు ఆస్టిన్‌లోనూ ఇంకొకరు కాలేజ్ స్టేషన్‌లోనూ చదువుతున్న రోజులివి. అయినా ఆట జరగలేదు. ఎందుకు జరగలేదని అడిగితే ఎక్కువమంది అహంకారం అంటారు, పంతం అంటారు. అవి ఉన్నాయి, కాదనను. కానీ పంతం పట్టిన వాళ్ళు అంతకుముందు తొంభై ఆరేళ్ళు ఎలా ఆడారు? ఆ పంతాన్ని పక్కన పెట్టించే ఏర్పాటు ఒకటి ఉండేది కాబట్టి. ఆ ఏర్పాటు పేరు కాన్ఫరెన్స్, అంటే ఏటా తమలో తాము ఆడుకుంటూ ఆదాయం పంచుకునే యూనివర్సిటీల కూటమి. ఈ రోజు నేను చెప్పబోయేది ఒక్కటే విషయం. చిరకాల వైరం అంటే మనం మనసులో ఉండే సంగతి అనుకుంటాం. నిర్వాహకుడి బల్ల మీద మాత్రం అది షెడ్యూల్‌లో ఒక గడి. ఆ గడిని ఎవరు ఖాయం చేస్తున్నారో చూస్తే ఏ పోరు నిలుస్తుందో, ఏది పోతుందో తెలిసిపోతుంది.

ముందు గడుల లెక్క చూద్దాం. పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టుకు రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలు. వాటిలో 8 గానీ 9 గానీ సొంత కాన్ఫరెన్స్‌లోని జట్లతో ఆడాలి. వాటిని కాన్ఫరెన్స్ ఆఫీసే నిర్ణయిస్తుంది, యూనివర్సిటీ చేతిలో ఉండవు. మిగిలిన 3 లేదా 4 గడులు మాత్రమే యూనివర్సిటీ తన ఇష్టప్రకారం నింపుకోగలదు. పెద్ద యూనివర్సిటీల బడ్జెట్ ఏడాదికి కనీసం 7 సొంత మైదానపు ఆటల మీద నిలబడి ఉంటుంది. టికెట్లు, పార్కింగ్, ఆ ఊరి హోటళ్ళు అన్నీ వాటితోనే. కాబట్టి ఆ మూడు గడుల్లో రెండింటిని చిన్న యూనివర్సిటీలకిస్తారు. పది లక్షల డాలర్లో అంతకంటే ఎక్కువో ఇచ్చి పిలిపించుకుంటారు, తిరిగి వాళ్ళ ఊరు వెళ్ళాల్సిన పని లేదు. సీజన్ ముగిశాక ఎంపికైన జట్లు ఆడే బౌల్ గేమ్‌కు అర్హత రావాలంటే 6 గెలుపులు కావాలి కనుక ఆ రెండు తేలిక గెలుపులు కోచ్‌కూ అవసరమే. ఇక మిగిలింది ఒక్క గడి. కాన్ఫరెన్స్ బయట ఉన్న పాత ప్రత్యర్థి కోసం ఉన్న చోటంతా అదే.

దీంట్లో బయటికి కనిపించని చిక్కు ఒకటుంది. 9 కాన్ఫరెన్స్ ఆటలంటే ఒక ఏడాది 4 సొంత ఊళ్ళో, మరుసటి ఏడాది 5. పాత ప్రత్యర్థులు ఇద్దరూ తొమ్మిదాటల కాన్ఫరెన్స్‌లలో ఉన్నారనుకోండి. ఇద్దరికీ సరి సంవత్సరాల్లోనే 4 సొంత ఆటలు వస్తే, ఆ ఏడాది ప్రయాణించి వెళ్ళిన జట్టుకు 4కు 2 కలిపి 6 సొంత ఆటలే మిగులుతాయి. మరుసటి ఏడాది అదే జట్టుకు 8 వస్తాయి. ఆరు ఆటల ఏడాదిలో సీజన్ టికెట్ అమ్మడం ఎంత కష్టమో టికెట్ ఆఫీసు వాళ్ళను అడగండి. ఒకరికి సరి సంవత్సరంలో 4, ఇంకొకరికి బేసి సంవత్సరంలో 4 ఉంటే ఈ బాధ ఉండదు, ఇద్దరికీ ఏటా 7 వస్తాయి. కాబట్టి పాత పోరును తిరిగి మొదలుపెట్టాలన్న మాట రాగానే యూనివర్సిటీ క్రీడా విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్ అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీకు నాలుగు ఆటల ఏడాది సరా, బేసా?" అని.

ఇప్పుడు కాన్ఫరెన్స్ పెద్దదైతే ఏమవుతుందో చూడండి. పది జట్లు, తొమ్మిది ఆటలు ఉన్నప్పుడు ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో ఏటా ఆడుతుంది. పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ పాక్-10 (తర్వాత పాక్-12) రోజుల్లోనూ, 2011 నుంచి 2022 దాకా పది జట్లే ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌లోనూ ఇలాగే నడిచింది. మొత్తం 45 జోడీలు, 45 ఆటలు, ఒక్కటీ బయట పడదు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో, పేరులో పదే ఉన్నా, ఇప్పుడు 18 జట్లు. జోడీలు 153. తలా తొమ్మిది ఆటలంటే 81 ఆటలే పడతాయి. అంటే ఏటా 72 జోడీలు ఆడకుండానే మిగిలిపోతాయి. ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ అయిన పదహారు జట్ల ఎస్‌ఈసీలో జోడీలు 120, తొమ్మిది ఆటల పద్ధతిలో పట్టేవి 72, ఎనిమిది ఆటల పద్ధతిలో 64. అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ ఏసీసీ తిప్పలు వేరు. అక్కడ ఫుట్‌బాల్ ఆడే సభ్యులు 17. పదిహేడును తొమ్మిదితో గుణిస్తే 153, బేసి సంఖ్య, రెండుతో భాగించలేం. అందరికీ తలా తొమ్మిది ఆటలు పెట్టడం లెక్క ప్రకారమే కుదరదు, ఒక జట్టుకు ఎనిమిదితో సరిపెట్టాలి.

ఎస్‌ఈసీలో పద్నాలుగు జట్లున్నప్పుడు రెండు డివిజన్లు ఉండేవి. సొంత డివిజన్‌లో 6, అవతలి డివిజన్‌లో శాశ్వత ప్రత్యర్థి ఒకరు, వంతులవారీగా ఇంకొకరు, వెరసి 8. అవతలి డివిజన్‌లోని ఒక జట్టు ఆరేళ్ళకోసారి ఎదురయ్యేది, వాళ్ళ ఊరు వెళ్ళడం పన్నెండేళ్ళకోసారి. టెక్సస్ ఏ అండ్ ఎం 2012లో చేరింది. 2023 వరకు జార్జియా జట్టు కాన్ఫరెన్స్ ఆటకు కాలేజ్ స్టేషన్‌లో అడుగు పెట్టలేదు. ఒకే కుటుంబం అని చెప్పుకునే కాన్ఫరెన్స్‌లో ఒక విద్యార్థి చేరి, డిగ్రీ, మాస్టర్స్, పీహెచ్‌డీ పూర్తి చేసుకుని వెళ్ళిపోయినా ఆ ఆట చూడలేదన్నమాట.

డివిజన్లు తీసేశాక రెండు పద్ధతులు చర్చకు వచ్చాయి. ఎనిమిది ఆటలైతే ఒక్క శాశ్వత ప్రత్యర్థి, మిగతా 14 జట్లతో ఏడేడు చొప్పున రెండేళ్ళకోసారి. తొమ్మిదైతే ముగ్గురు శాశ్వత ప్రత్యర్థులు, మిగతా 12 జట్లతో ఆరారు చొప్పున రెండేళ్ళకోసారి. రెండు లెక్కలూ చక్కగా కుదురుతాయి. తేడా అల్లా పోరుల దగ్గరే. ఒక్కరినే ఎంచుకోవాలంటే అలబామా ఆబర్న్‌నే ఎంచుకుంటుంది, అప్పుడు అక్టోబర్‌లో టెనెసీతో ఆడే ఆట ఏటా ఉండదు. ఆబర్న్ గడి అలబామాకు పోతే 1892లో మొదలైన జార్జియా-ఆబర్న్ పోరు రెండేళ్ళకోసారి అవుతుంది. 2025 ఆగస్టులో ఎస్‌ఈసీ 2026 నుంచి తొమ్మిది ఆటలకు మారతామని ప్రకటించింది. టెక్సస్‌కు ఓక్లహోమా, ఏ అండ్ ఎం, ఆర్కన్సా శాశ్వతం అయ్యాయి. ఈ మార్పు వల్ల కొందరు కోచ్‌లకు ఒక కష్టమైన ఆట పెరిగింది. నా దృష్టిలో మాత్రం గత పదిహేనేళ్ళలో పాత పోరులకు జరిగిన అతి పెద్ద మేలు ఇదే.

బిగ్ టెన్ దారి వేరు. అందరికీ సమానంగా ముగ్గురేసి అనలేదు. నిజంగా పోరు ఉన్న 12 జోడీలను మాత్రమే రక్షించింది. ఐయోవాకు మూడు వచ్చాయి: మిన్నెసోటా, నెబ్రాస్కా, విస్కాన్సిన్. పెన్ స్టేట్‌కు ఒక్కటీ రాలేదు. కారణం స్పష్టమే. పెన్ స్టేట్ అసలు ప్రత్యర్థి పిట్స్‌బర్గ్, వాళ్ళున్నది ఏసీసీలో. 1893లో మొదలైన ఆ పోరు 2000 తర్వాత ఆగింది, 2016 నుంచి 2019 దాకా నాలుగుసార్లు జరిగింది. సరిగ్గా నూరో ఆటతో మళ్ళీ ఆగింది.

కాన్ఫరెన్స్‌లు ఇంత పెద్దవి ఎందుకయ్యాయి? దానికి 1984కు వెళ్ళాలి. అప్పటిదాకా ఫుట్‌బాల్ టీవీ ప్రసారాలన్నీ కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో కూడా అదే చెప్పేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీల తరఫున కేసు వేస్తే, అది పోటీ నిరోధక చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది. ఆ తీర్పుతో హక్కులు యూనివర్సిటీలకు వచ్చాయి, యూనివర్సిటీలు వాటిని కాన్ఫరెన్స్‌ల ద్వారా అమ్ముకోవడం మొదలుపెట్టాయి. తర్వాత పన్నెండు జట్లున్న కాన్ఫరెన్స్‌ను రెండుగా విడదీసి చివర్లో ఛాంపియన్‌షిప్ ఆట పెట్టుకోవచ్చన్న నిబంధనను ఎస్‌ఈసీ పట్టుకుంది. ఆర్కన్సానూ, సౌత్ కరోలినానూ చేర్చుకుని 1992లో మొదటి ఛాంపియన్‌షిప్ ఆడించింది. ఆర్కన్సా వెళ్ళిపోయాక సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ టెక్సస్ జట్లతోనే మిగిలి 1996లో మూతపడింది. అందులోని నాలుగు జట్లు పాత బిగ్ ఎయిట్‌తో కలిసి బిగ్ 12 అయ్యాయి. అప్పుడే మొదటి పెద్ద బలి జరిగింది. నెబ్రాస్కా ఉత్తర డివిజన్‌లో, ఓక్లహోమా దక్షిణ డివిజన్‌లో పడ్డాయి. 1928 నుంచి ఏటా జరిగిన ఆట, 1971లో నెబ్రాస్కా 35-31తో గెలిచి దేశమంతా చెప్పుకున్న ఆట, 1997 తర్వాత నాలుగేళ్ళలో రెండుసార్లకు తగ్గింది. రెండు జట్లూ ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి సుమా. గడి లేదు, అంతే.

మన రంజీ ట్రోఫీ ఎరిగినవారికి ఇది తెలిసిన సంగతే. 2001-02 సీజన్ దాకా దక్షిణ మండలంలో హైదరాబాద్, ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, కేరళ, గోవా ఏటా తలపడేవి. మరుసటి సీజన్‌లో మండలాలు తీసేసి ఎలీట్, ప్లేట్ గ్రూపులు పెట్టాక, పక్క రాష్ట్రంతో ఆట ఉంటుందా లేదా అన్నది ఆ ఏటి గ్రూపుల మీద ఆధారపడింది.

ఇక డబ్బు సంగతి. 2007లో బిగ్ టెన్ సొంత టీవీ ఛానల్ పెట్టింది. కేబుల్ లెక్క ఎలా ఉండేదంటే, కాన్ఫరెన్స్ సభ్యులున్న రాష్ట్రంలో ఒక్కో ఇంటి బిల్లు నుంచి ఛానల్‌కు వచ్చే మొత్తం ఎక్కువ, బయటి రాష్ట్రంలో చాలా తక్కువ. ఆట చూసినా చూడకపోయినా కేబుల్ ఉన్న ప్రతి ఇల్లూ కట్టాల్సిందే. అందుకే 2014లో మేరీలాండ్, రట్గర్స్ బిగ్ టెన్‌లోకి వచ్చాయి. కావలసింది ఆ జట్ల ఆట కాదు, వాషింగ్టన్, న్యూయార్క్ చుట్టుపక్కల ఇళ్ళు. మేరీలాండ్ వెళ్ళిపోవడంతో బాస్కెట్‌బాల్‌లో డ్యూక్-మేరీలాండ్ పోరు ముగిసింది. ఏసీసీకి వాళ్ళు వదులుకున్న పరిహారమే 3 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ ఒక్క లెక్క గట్టిగా పట్టుకోండి, తర్వాతవన్నీ దీంట్లోంచే వస్తాయి. కాన్ఫరెన్స్ ఆదాయాన్ని సభ్యులు పంచుకుంటారు. కొత్త సభ్యుడు వస్తే ఒక్కొక్కరి వాటా తగ్గకూడదు. అంటే కొత్తవాడు కనీసం ఇప్పటి సగటు వాటా అంత ఆదాయాన్ని వెంట తేవాలి. ఇప్పటికే సభ్యుడున్న రాష్ట్రం నుంచి రెండో యూనివర్సిటీని తీసుకుంటే కొత్త ప్రేక్షకులు పెద్దగా రారు. మరి చిరకాల ప్రత్యర్థులంటే ఎవరు? పక్కపక్కన ఉన్నవాళ్ళే! ఒకే రాష్ట్రం, ఒకే టీవీ మార్కెట్, ఒకే ఇంట్లో ఇద్దరి అభిమానులు. పోరుకు ప్రాణం పోసిన ఆ దగ్గరితనమే టీవీ లెక్కలో వాళ్ళకు శత్రువయింది. ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్ళి ఓక్లహోమా స్టేట్ వెళ్ళకపోవడం, ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు వెళ్ళి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మిగిలిపోవడం ఈ లెక్క వల్లే. దాయాదుల్లో పెద్ద పేరున్న వాడిని పిలుస్తారు, రెండోవాడిని వదిలేస్తారు.

2011లో టెక్సస్ యూనివర్సిటీ ఈఎస్‌పీఎన్‌తో ఇరవై ఏళ్ళకు 30 కోట్ల డాలర్ల ఒప్పందంతో లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ పెట్టుకుంది. ఒక్క సభ్యుడికే సొంత ఛానల్ ఉంటే మిగతావాళ్ళకు ఎలా ఉంటుంది? కోపం ఒకటే కారణం కాదు గానీ, మరుసటి ఏడాది ఏ అండ్ ఎం, మిస్సోరీ ఎస్‌ఈసీకి వెళ్ళిపోయాయి. మిస్సోరీతో పాటు కాన్సస్ పోరు కూడా పోయింది. 1891 నుంచి ఆడుతున్న ఆట అది. దాని వెనక ఉన్న వైరం ఇంకా పాతది. 1850లలో బానిసత్వం మీద సరిహద్దు అంతా రక్తం పారింది, 1863లో మిస్సోరీ వైపు నుంచి వచ్చిన దండు లారెన్స్ పట్టణాన్ని తగలబెట్టింది. కాన్సస్ యూనివర్సిటీ ఉన్నది ఆ లారెన్స్‌లోనే. వెళ్ళిపోయిన వాళ్ళకు మా గడి ఎందుకివ్వాలి అని కాన్సస్ వాళ్ళు భీష్మించుకున్నారు. అర్థం చేసుకోదగ్గదే, కానీ నష్టపోయింది రెండు వైపుల అభిమానులూ.

2021 జూలైలో టెక్సస్, ఓక్లహోమా తామూ ఎస్‌ఈసీకి వెళ్తున్నామన్నాయి. ఒక ఏడాది ముందుగా కదలడానికి ఇద్దరూ కలిసి 10 కోట్ల డాలర్లు వదులుకున్నారు. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ పాక్-12 వదిలి బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. లాస్ ఏంజెలెస్ మార్కెట్ పోయాక పాక్-12 దగ్గర అమ్ముకోవడానికి తక్కువ మిగిలింది. ఒప్పందం 2024లో ముగుస్తోంది, బిగ్ 12 ముందుగానే తన ఒప్పందం పొడిగించుకుని వరుసలో ముందు నిలబడింది. చివరికి పాక్-12 చేతిలో మిగిలింది చందాదారుల సంఖ్యను బట్టి పెరిగే ఆపిల్ కంపెనీ స్ట్రీమింగ్ ప్రతిపాదన ఒక్కటే. 2023 జూలైలో కొలరాడో వెళ్ళింది. ఆగస్టు 4న ఒక్క రోజులో అయిదు జట్లు వెళ్ళిపోయాయి: ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫోర్డ్, కాలిఫోర్నియా బర్క్‌లీ (కాల్) ఏసీసీలో చేరడం ఖాయమైంది. పసిఫిక్ తీరంలో ఉండి అట్లాంటిక్ కాన్ఫరెన్స్! చేరడానికి ఒప్పుకున్న షరతులు చూడండి. ఒరెగాన్, వాషింగ్టన్ సుమారు సగం వాటాకు, అంటే ఏటా 3 కోట్ల డాలర్ల దగ్గర మొదలయ్యాయి. స్టాన్‌ఫోర్డ్, కాల్ మొదటి ఏడేళ్ళు 30 శాతం టీవీ వాటాతో సరిపెట్టుకున్నాయి. డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్ళు ఆ వాటా అసలు వద్దంది. యూసీఎల్‌ఏ వెళ్ళినందుకు నష్టపోయిన బర్క్‌లీకి ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని ఆ రెండింటినీ నడిపే రీజెంట్ల బోర్డు తీర్మానించింది.

ఈ కూలిపోవడంలో ఏ పోరులు మిగిలాయో గమనించండి. యూఎస్‌సీ-యూసీఎల్‌ఏ, స్టాన్‌ఫోర్డ్-కాల్, ఒరెగాన్-వాషింగ్టన్, అరిజోనా-అరిజోనా స్టేట్ మిగిలాయి. జంటగా కదిలాయి కాబట్టి గడి వెంట వచ్చింది. విడిపోయిన జంటలు రెండు. వాషింగ్టన్-వాషింగ్టన్ స్టేట్ ఆపిల్ కప్ 1900లో మొదలైంది, చాలాకాలంగా సీజన్ చివర్లో, నవంబర్ చలిలో జరిగేది. దాన్ని 2028 వరకు కాపాడుతూ వాళ్ళు ఒప్పందం రాసుకున్నారు. కానీ తేదీ సెప్టెంబర్‌కు జరిగింది. 2024లో వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచింది. 2025లో వాషింగ్టన్ 59-24తో గెలిచింది. ఒరెగాన్-ఒరెగాన్ స్టేట్ ఆటా అంతే, రెండేళ్ళూ సెప్టెంబర్‌లోనే.

తేదీ మారితే ఏమవుతుందిలే అనుకోకండి. సెప్టెంబర్‌లో జట్లు ఇంకా కుదురుకోవు, సీజన్‌లో ఏది పణంగా ఉందో తెలియదు. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ విద్యార్థుల మీద బతికే చిన్న పట్టణం. సీజన్ చివరి ఆట అంటే పూర్వ విద్యార్థులు సెలవు పెట్టుకుని తిరిగొచ్చే వారం. నవంబర్ ఆఖరి వారాన్ని కాన్ఫరెన్స్‌లు తమకోసం ఉంచుకుంటాయి, ఎందుకంటే ఛాంపియన్‌షిప్‌కు ఎవరు వెళ్తారో ఆ వారమే తేలుతుంది. బయటి ప్రత్యర్థికి ఆ వారం దొరకదు. అది దొరక్క ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఒకదాంతో ఒకటి 2025లో రెండుసార్లు ఆడాల్సి వచ్చింది. పోటీదారుల్లేక కాదు, నవంబర్‌లో ఖాళీగా ఉన్న పెద్ద జట్టు ఇంకొకటి లేక.

కాన్ఫరెన్స్ వేరైతే పోరు పోతుందని దీన్నిబట్టి తేల్చేయకండి. ఇక్కడ చాలామంది విశ్లేషకులు తొందరపడతారు. జార్జియా టెక్ 1964లో ఎస్‌ఈసీ వదిలేసింది. జార్జియాతో ఆట ఆగలేదు. సౌత్ కరోలినా 1971లో ఏసీసీ వదిలేసింది. క్లెమ్సన్‌తో ఆట ఆగలేదు. ఆ ఆట 1909 నుంచి ఏటా నడిచి 2020లో ఒక్కసారి తప్పింది, అది కూడా కోవిడ్ వల్ల ఎస్‌ఈసీ బయటి ఆటలన్నీ రద్దు చేసినందుకు. ఫ్లారిడా-ఫ్లారిడా స్టేట్, కెంటకీ-లూయివిల్ కూడా ఇదే కోవ. ఇవి ఎలా నిలిచాయి? ఎస్‌ఈసీ, ఏసీసీ రెండూ నవంబర్ చివరి శనివారం ఆ ఎనిమిది జట్లకు కాన్ఫరెన్స్ ఆట పెట్టవు. ఆ వారం వాళ్ళకని వదిలేస్తాయి. ఏటా కొత్తగా బేరం ఆడాల్సిన పని లేదు. ముందే గడి ఖాయం చేసుకున్నవాళ్ళు నిలబడ్డారు, తర్వాత చూద్దాం అనుకున్నవాళ్ళు పదేళ్ళు పోగొట్టుకున్నారు.

ఆ పదేళ్ళు ఎలా పోతాయంటే, బయటి ఆటల ఒప్పందాలు ఎనిమిది, పదేళ్ళ ముందే రాస్తారు. కాన్సస్, మిస్సోరీ మళ్ళీ ఆడాలని 2020లో ఒప్పుకున్నాయి. ఇద్దరికీ గడి ఖాళీగా ఉన్న మొదటి ఏడాది 2025! సెప్టెంబర్ 6న తన సొంత ఊరు కొలంబియాలో మిస్సోరీ 42-31తో గెలిచింది. ఒప్పందంలో ఉన్న ఏళ్ళు 2025, 2026, తర్వాత 2031, 2032. మధ్యలో నాలుగేళ్ళు మళ్ళీ ఖాళీ. పిట్స్‌బర్గ్-వెస్ట్ వర్జీనియా పోరు కూడా 2011 తర్వాత ఆగి, 2022 సెప్టెంబర్ 1న తిరిగొచ్చింది. ఆ రాత్రి పిట్స్‌బర్గ్ స్టేడియంలో 70,622 మంది కూర్చున్నారు, ఆ నగరంలో ఏ ఆటకూ అంతమంది రాలేదు. రెండు ఊళ్ళ మధ్య దూరం 75 మైళ్ళు. జనం మరిచిపోయారు కాబట్టి ఆపేశాం అనే మాటకు ఆ రాత్రే జవాబు. అది కూడా 2025 తర్వాత మళ్ళీ విరామంలో పడింది.

కొన్నిసార్లు కలపడం కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. టెక్సస్-ఏ అండ్ ఎం తిరిగొచ్చింది కాన్ఫరెన్స్ మార్పు వల్లే. టెక్సస్-ఆర్కన్సా కూడా. యూటా-బ్రిగమ్ యంగ్ పోరు యూటా పాక్-12కు వెళ్ళాక తడబడింది, 2014, 2015 రెగ్యులర్ సీజన్లలో అసలు జరగలేదు. 2024లో ఇద్దరూ బిగ్ 12లో కలిశాక ఆ ఏడాదే బ్రిగమ్ యంగ్ 22-21తో గెలిచింది.

కానీ పోరు మిగిలినా దాని పదును మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న. 2024 నవంబర్‌లో మిషిగన్ కొలంబస్ వెళ్ళి ఒహాయో స్టేట్‌ను 13-10తో ఓడించింది. పాత రోజుల్లో ఆ ఓటమితో ఒహాయో స్టేట్ సీజన్ ముగిసేది. ఇప్పుడు జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌లో పన్నెండు జట్లు. అదే ఒహాయో స్టేట్ 2025 జనవరి 20న నోటర్ డామ్‌ను 34-23తో ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. మిషిగన్ వాళ్ళ ఆనందం తగ్గలేదనుకోండి. ఆ ఒక్క ఆటకు ఉన్న ఉరుము మాత్రం తగ్గింది.

ఫుట్‌బాల్ జట్టు ఏడాదికి అయిదారుసార్లు విమానమెక్కుతుంది, అదీ ప్రత్యేక విమానం. అసలు భారం సాఫ్ట్‌బాల్, వాలీబాల్, సాకర్ ఆడే పిల్లల మీద. వాళ్ళకు ఆటలు ఎక్కువ, వారం మధ్యలోనూ ఉంటాయి, తరగతులు పోతాయి. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ రట్గర్స్‌కు రెండున్నర వేల మైళ్ళకు దగ్గర, మూడు గంటల సమయం తేడా. ఫుట్‌బాల్ ఒక్కదాన్నే జాతీయ స్థాయిలో పెట్టి మిగతా ఆటల్ని పక్క రాష్ట్రాల మధ్య ఆడించడానికి అడ్డేమీ లేదు. ఇది చేయకపోవడాన్ని నేను సమర్థించలేను.

(సభలో ఒక ప్రశ్న: ఓక్లహోమాలో బెడ్లామ్ మళ్ళీ వస్తుందా?)

మంచి ప్రశ్న. బెడ్లామ్ అంటే ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్‌ల పోరు. దాని చివరి ఫుట్‌బాల్ ఆట 2023 నవంబర్ 4న స్టిల్‌వాటర్‌లో జరిగింది, ఓక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది. మళ్ళీ రావడానికి లెక్క అడ్డం కాదు. ఎస్‌ఈసీ కొత్త నిబంధన ప్రకారం తొమ్మిది ఆటలతో పాటు ఏటా పెద్ద కాన్ఫరెన్స్‌ల నుంచి ఒక బయటి ప్రత్యర్థి తప్పనిసరి. ఓక్లహోమా స్టేట్ బిగ్ 12లో ఉంది, ఆ షరతుకు సరిపోతుంది. 9, ఈ ఆట 1, మిగతా 2 సొంత ఊళ్ళో. అడ్డం వచ్చేది ఇప్పటికే సంతకాలైన ఒప్పందాలు. వాటిని రద్దు చేసుకుంటే పరిహారం కట్టాలి, లేదా అవతలివాళ్ళను వేరే ఏడాదికి ఒప్పించాలి.

ఆ ఒప్పందం రాసేటప్పుడు ఏం చూడాలో చెబుతాను, ఏ పోరుకైనా ఇదే వర్తిస్తుంది. ఆటలు సరి సంఖ్యలో ఉండాలి, కనీసం నాలుగు, మధ్యలో ఖాళీ ఏడాది లేకుండా. తేదీ "ఇద్దరికీ వీలైనప్పుడు" అని కాక ఫలానా వారం అని ఉండాలి. సందర్శక జట్టు అభిమానులకు ఎన్ని టికెట్లో అంకెల్లో రాయాలి, లేకపోతే మైదానం అంతా ఒకే రంగవుతుంది. రద్దు పరిహారం ఒక సొంత ఆట రాబడి కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే పరిహారం కట్టేసి చిన్న జట్టును పిలుచుకోవడమే లాభం అని లెక్కలవాళ్ళు చెబుతారు, చాలాచోట్ల జరిగేది అదే. అన్నిటికంటే ముఖ్యం, "కాన్ఫరెన్స్ ఆటల సంఖ్య పెంచితే ఈ ఒప్పందం పరిహారం లేకుండా రద్దు" అనే వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకాలి. ఎనిమిది నుంచి తొమ్మిదికి మారినప్పుడు బయటి ఆటలు ముందుగా జారిపోయేది ఆ సందులోంచే.

ఇంకొకటి, సంవత్సరాలు. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30 సీజన్‌తో అయిపోతుంది. బిగ్ 12ది 2031లో. ఏసీసీ సభ్యులు తమ ప్రసార హక్కులను 2036 దాకా కాన్ఫరెన్స్‌కు రాసిచ్చారు. కానీ ఫ్లారిడా స్టేట్, క్లెమ్సన్ కేసులు 2025 మార్చిలో రాజీ అయినప్పుడు, బయటికి వెళ్ళేవాళ్ళు కట్టాల్సిన మొత్తం 2030-31 నాటికి ఏడున్నర కోట్ల డాలర్లకు తగ్గేలా ఒప్పుకున్నారు. అంటే 2030, 2031లలో తలుపులన్నీ దాదాపు ఒకేసారి తెరుచుకుంటాయి. 2031 తర్వాతి తేదీలకు ఇప్పుడు సంతకం పెట్టే అథ్లెటిక్ డైరెక్టర్లు "ఇరు పక్షాల్లో ఎవరు ఏ కాన్ఫరెన్స్‌కు మారినా ఈ ఒప్పందం అలాగే అమల్లో ఉంటుంది, కొత్త కాన్ఫరెన్స్ షెడ్యూల్ ఈ తేదీని వదిలిపెట్టాలి" అన్న షరతు అందులో రాయించుకోవాలి. కొత్త కాన్ఫరెన్స్‌లో చేరేటప్పుడు ఆ కాగితం కూడా చర్చల బల్ల మీద పెట్టాలి. చేరిపోయాక అడిగితే ఇవ్వరు.